తువ్వాలు కింద

గుంటూరు మిర్చి యార్డులో
పద్నాలుగేళ్లుగా బిల్లులు కొడుతున్నాను.
తేజ ఎన్ని టిక్కీలు, తాలు ఎన్ని,
కాటాకూలి ఎంత, గోతాం ఖరీదెంత.

ఈ ఊళ్లో ఏడిస్తే ఎవరూ అడగని చోటు ఇదొక్కటే.
ఘాటనుకుంటారు.
హమాలీ ఏసోబు, చిన్నవాడు పోయిన నెలంతా,
టిక్కీలు మోస్తూ ఇక్కడే ఏడ్చాడు.
మేమంతా తుమ్ముతూనే ఉన్నాం.

మా షావుకారు బసవపున్నయ్య గారికి పాత బేరాలు గుర్తు.
ఇప్పుడంటే తెర మీద అంకెలు గానీ
వాళ్ల నాన్న రోజుల్లో
తువ్వాలు కప్పి, కింద చేతులు కలిపి,
వేలు పట్టుకుంటే వంద, కణుపు నొక్కితే పది.
చుట్టూ నలభై మంది మూగినా
కనపడేది తువ్వాలు మీద గళ్లే.
"నోరు జారితే సరుకు చవకైపోద్ది శేషారత్నం" అంటాడాయన.

మాఘంలో ఒక రాత్రి, తొమ్మిది దాటాక,
కొట్లో ఎవరూ లేనప్పుడు
ఎడమ చంకలో తగిలిన గింజ గురించి
కంప్యూటర్ని అడిగాను.
అమ్మని అడగలేదు. ఆయన్నీ అడగలేదు.
టోపీ, నల్లకళ్లద్దాల బొమ్మ ఉన్న
ఆ చీకటి కిటికీ తెరిచే అడిగాను.
చెరిపేశాను. మళ్లీ చెరిపేశాను.
ఉమ్ముతో తుడిచిన పలకలా
ఏదో మిగిలింది.

తెల్లారి, కోల్డు స్టోరేజీ రేట్లు చూద్దామని
షావుకారు కుర్చీ లాక్కున్నాడు.
రేట్ల పక్కన గులాబి రంగు రిబ్బను,
"ముందే గుర్తిస్తే భయం లేదు" అని ఎక్కడిదో ఆసుపత్రి,
దాని కింద
విగ్గులు.
ఆయన చూశాడు. నన్ను చూళ్లేదు.
ఆ చూడకపోవడంలోనే తెలిసిపోయింది.
కూజా తీసుకుని నీళ్లకని లేచాడు.
కూజా నిండుగానే ఉంది.

బ్రాడీపేట నుంచి నాగుల్ మీరా వచ్చాడు.
"ఇన్ని కోట్ల మందిలో నిన్నెవరు చూస్తారక్కా,
అది మనుషుల్ని చూడదు, లెక్కల్ని చూస్తుంది."
అబ్బాయ్, నేనూ లెక్కలే రాస్తాను.
ఏ రైతు ఏ ఏడు కూతురి గాజులు కుదువ పెట్టాడో
చిట్టాలో అంకెలు చూస్తే చాలు, నాకు తెలిసిపోద్ది.
తెలిసి నోరు మూసుకుంటాను.
నా జీతంలో సగం దానికే.
మరి దానికి జీతం ఎవరిస్తున్నారు?
మీరా స్క్రూడ్రైవరుతో చెవి గోక్కున్నాడు.

తప్పు నాదీ ఉంది.
ఒప్పుకుంటున్నాను, ఒప్పుకుంటున్నాను అని
ఎన్నిసార్లు నొక్కానో, ఒక్క అక్షరం చదివితే ఒట్టు.
కుకీలంటే బిస్కెట్లేగా అనుకున్నాను.
మా వీధి కుక్కకి రోజూ బిస్కెట్ వేసినవాడు
ప్రేమతో వెయ్యలేదని
మా స్టీలు బిందెలు పోయాక కదా తెలిసింది.

మీరా దాన్ని పీకేసి ఇంకోటి పెట్టాడు.
"ఇది చూడదని రాసిస్తావా?"
"అంత రాసివ్వలేనక్కా. దీని లోపల ఏముందో
ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. అంతే."
ఆ అంతే నాకు నచ్చింది.
రైతు ఎదురుగా కాటా పెట్టి తూచినట్టుంది.
కెమెరా కంటికి మాత్రం
నా స్టిక్కర్ బొట్టు తీసి అంటించాను.

పెద్దాసుపత్రికి నడిచే వెళ్లాను,
ఫోను కొట్టు సొరుగులో పడేసి.
చీటీ మీద నా పేరు ఒకామె బాల్‌పెన్నుతో రాసింది,
రత్నం అని, సున్నా మరిచిపోయి.
దిద్దమనలేదు.

రిపోర్టొచ్చిన రోజు
తాలుకాయల రాశి దగ్గర నిలబడి
కళ్లు తుడుచుకున్నాను.
ఎవరూ అడగలేదు.

ఏమొచ్చిందంటారా?
షావుకారు తువ్వాలు వంకెన ఉంది.
కప్పి, చెయ్యి కింద పెట్టండి.
ఏ వేలు పట్టుకుంటానో
మీ ఒక్కరికే తెలుస్తుంది.